నెమలికంఠం ఉన్న ఇల్లు

"ఆ డబ్బా స్క్రూలు విప్పేకి నీకు చేతులు రావా సతీష్? సాయంత్రం మీ నాయన బండి దిగనీ, నువ్వు తీయకపోతే నేనే సుత్తి తీసుకొని కొడతా దాన్ని."

కమలాక్షి ఈ మాట అంటున్నప్పుడు కూడా కండెలకు దారం చుట్టే చెయ్యి ఆగలేదు. సతీష్ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని తెగిన పోగు కోసం వెతుకుతున్నాడు. శుక్రవారం నుంచీ ఆ ఇంట్లో ఇదే గొడవ. అన్నం దగ్గర మొదలై, పడకల దగ్గర ఆగి, పొద్దున కాఫీతో మళ్లీ అందుకుంటోంది. కోడలు పావని మొదట్లో అత్తకు సర్దిచెప్పబోయింది. ఇప్పుడు వంటింట్లో నుంచి బయటికి రావడమే తగ్గించింది.

డబ్బా అంటే మార్కండేయులు మోటారు సైకిలు హ్యాండిలు మీద కొడుకు బిగించిన దారి చూపే యంత్రం. అరచేతి వెడల్పు ఉంటుంది. ఆకాశంలోని ఉపగ్రహాలను అడిగి, ఏ మలుపు తిరగాలో ఊదారంగు గీత గీసి చూపిస్తుంది. హెల్మెట్టులో చెవి పక్కన చెబుతుంది కూడా. సెల్‌ఫోను అయితే ఎండకు కాగి ఆరిపోతోందని, ఎవరైనా ఫోను చేస్తే గీత మాయమైపోతోందని, సతీష్ ఉగాదికి ముందు బెంగళూరు పోయి దీన్ని తెచ్చాడు. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురానికి ముప్పై ఏళ్లుగా చీరలు మోస్తున్న మనిషికి దారి చూపే యంత్రం ఎందుకని కమలాక్షి ఆ రోజే అడిగింది. ఫ్యాషన్‌కమ్మా అన్నాడు సతీష్. అప్పుడు నవ్వి ఊరుకుంది.

శుక్రవారంతో ఆ నవ్వు పోయింది. ఆ రోజు ట్యాంకు నిండా పెట్రోలుతో పోయిన బండి ఎండిపోయి ఇల్లు చేరింది. హిందూపురం పోయి వస్తే సగం కూడా ఖర్చు కాదు. యాడికి పోయినావని అడిగితే మార్కండేయులు "దోవలో పనుండె" అన్నాడు. ఏం పని అంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆయన సంచి దులుపుతుంటే ఉడకబెట్టిన వేరుశనక్కాయల మూట ఒకటి బయటపడింది. మూట కట్టిన గుడ్డ ఏదో ఆడమనిషి పాత చీర కొంగు నుంచి చింపిన పీలిక. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. కమలాక్షివి పట్టుచీరల ఇంట్లో పుట్టి పట్టుచీరల ఇంట్లో మెట్టిన కళ్లు. ఆ నూలు చీర తమ వీధిలో ఎవరిదీ కాదని ఒక్క చూపుకే తెలిసింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. యంత్రాన్ని తిట్టడం మొదలుపెట్టింది. అది వచ్చిన తర్వాతే కదా, మొగుడికి తనకు తెలియని దారులు తెలిసింది.

పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు సతీష్ ఫోను మోగింది. హిందూపురం నుంచి బసవరాజు. అక్కడి బజారులో ఆయనది పెద్ద బట్టల అంగడి. ఈ ఇంట్లో మగ్గమైనా, చుట్టుపక్కల పల్లెల్లో మార్కండేయులు నిలువు దారాల పడుగులిచ్చి నేయిస్తున్న మగ్గాలైనా, ఆడేది ఆయన ఇచ్చే ఆర్డర్ల మీదే.

"ఏమప్పా సతీషూ, మీ నాయన ఇంకా రాలేదే. పెళ్లికూతురోళ్లు అంగట్లో కూచోనుండారు. నెమలికంఠం రంగు చీర చూసేంతవరకు లేవమంటాండారు."

దోవలో నేసినోళ్ల దగ్గర చీర తీసుకొని వస్తాంటాడులే అన్నా అని సతీష్ పెట్టేశాడు. వెంటనే తండ్రికి చేశాడు. చాలాసేపు మోగి, ఎవరో ఎత్తారు. గొంతు కొత్తది. కమలాక్షి ఫోను లాక్కున్నంత పని చేసింది.

"నా పేరు దేవప్పమ్మా. గొర్రెలోణ్ణి. పెనుకొండకు ఈ పక్క మా పల్లె. ఈయప్ప ఫోను మోగుతాంటే ఎత్తడంలే, అందుకే నేనెత్తినా. దెబ్బలేం తగల్లేదు, భయపడొద్దు. చంద్రప్ప ఇంటి తిన్నె మీద కూచోనుండాడు. బండెక్కి పోతాడు, మళ్లీ ఈడికే వస్తాడు. పొద్దున్నుంచి ఇదే పని."

ఆయన మాట ముగియకముందే వెనుక నుంచి ఒక ఆడగొంతు వినపడింది. మజ్జిగ తాగమను, పోయిన శుక్రవారం తాగినాడు గదా అంటోంది.

కమలాక్షి ఫోను కొడుకు చేతిలో పెట్టింది. వాడి ముఖం చూసింది. అందులో భయం ఉంది కానీ, ఆశ్చర్యం లేదు.

*

కమలాక్షి, సతీష్ ఇద్దరూ పావని స్కూటరు తీసుకుని బయలుదేరారు. ఇంటి దగ్గర ఉంటానని పావని చెప్పింది. బసవరాజు మళ్లీ చేస్తే ఏం చెప్పాలో అడగబోయి, ఇద్దరి ముఖాలు చూసి మానుకుంది.

చెన్నేకొత్తపల్లి దాటి హైవే ఎక్కారు. వేడిగాలి ముఖానికి కొడుతోంది. లారీలు పక్క నుంచి పోతుంటే స్కూటరు ఊగుతోంది. పెనుకొండ కొండ దూరంగా కనిపించినప్పుడు, నీకంతా తెలుసు గదరా అంది కొడుకు చెవి దగ్గర. పోయినంక మాట్లాడదాంలేమ్మా అన్నాడు వాడు. ఆడ యావతో ఉందా అని అడిగింది. సతీష్ స్కూటరును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూశాడు. మళ్లీ ముందుకు తిరిగి స్కూటరు నడిపాడు. కొట్టినట్లయింది కమలాక్షికి. కొడుకుతో అనకూడని మాట అన్నానని కాదు. ఆ మాటే నిజమైతే బాగుండునన్నట్లు చూశాడు వాడు.

హైవే దిగి, వేరుశనగ చేల మధ్య సన్న తారురోడ్డు మీద పోతే ఆ పల్లె. ఊరి మొదట్లోనే, మొన్నటిదాకా తమకు చీరలు నేసిన చంద్రప్ప ఇల్లు. తలుపుకు తాళం ఉంది. ముందర వేపచెట్టు నీడలో మోటారు సైకిలు స్టాండు వేసి ఉంది. తిన్నె మీద మార్కండేయులు హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. పొద్దున దువ్వుకున్న తల దువ్వుకున్నట్లే ఉంది. ఎవరి ఇంటికో పెళ్లిచూపులకు ముందుగా వచ్చి వాళ్ల కోసం కనిపెట్టుకుని ఉన్న మనిషిలా ఉన్నాడు.

పక్కన చెంబుతో నిలబడ్డ ఆమెకు అరవై దాటి ఉంటాయి. దేవప్ప పెళ్లాం యల్లక్క. నోట్లో పళ్లు సగం లేవు. కట్టుకున్న ఆకుపచ్చ చీర మీద పసుపు చుక్కలు. కొంగు అంచు చినిగి ఉంది.

"నీ మొగుడా అక్కా? మంచోడు," అంది యల్లక్క. "ఇన్నిసార్లు తిరిగినాడా, మా గొర్రెపిల్లను ఒక్కదాన్ని గూడా తొక్కియ్యల్యా. పోయిన వారం ఆకలితో వచ్చినాడని శనక్కాయలిచ్చినా. తిననే లేదంట కదా."

కమలాక్షి ఆమెకు చెయ్యెత్తి దండం పెట్టింది. ఎందుకు పెట్టిందో యల్లక్కకు తెలియలేదు. కమలాక్షి మొగుడి ముందుకు పోయి నిలబడింది. దారి పొడుగునా అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లో నుంచి వచ్చింది మాత్రం ఒక్కటే.

"చీర యాడ?"

మార్కండేయులు తల ఊపాడు. ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్లు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"గళ్ల జెండా వచ్చె సతీష్," అన్నాడు. ఊరు చేరితే యంత్రం తెర మీద నల్లగళ్ల జెండా పడుతుంది. "జెండా వచ్చినాదంటే ఇల్లు వచ్చినట్లే అంటివి గదా. ఇంటికి తాళమేసుండాది. తప్పేమో అని హైవే దాకా పోయి మళ్లీ నొక్కినా. మళ్లీ ఈడికే తెచ్చె."

"ఏమని నొక్కినావు నాయనా?"

"నెమలికంఠం."

సతీష్ తిన్నె మీద కూలబడ్డాడు.

మగ్గాలు ఆడించే ఇళ్లలో ఎవరూ ఎవరి ఇంటినీ ఊరి పేరుతో చెప్పరు. ఏ మగ్గం మీద ఏ రంగు పడుగు ఉంటే ఆ ఇంటికి అదే పేరు. కనకాంబరం ఎంతవరకొచ్చె అంటే ఫలానా ఇల్లు. ఆవపువ్వు పచ్చ కోసినారా అంటే ఇంకో ఇల్లు. పడుగు అయిపోయి ఆ రంగు మరొకరి మగ్గం మీదికి పోతే, పేరు కూడా పడుగుతో పాటే ఆ ఇంటికి పోతుంది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. యంత్రం తెచ్చిన రోజు సతీష్ ఇళ్ల పేర్లు అడిగితే మార్కండేయులు తన నోటికి వచ్చినట్లు రంగులే చెప్పాడు. సతీష్ ఇంగ్లీషు అక్షరాల్లో అవే కొట్టాడు. అప్పుడు నెమలికంఠం చంద్రప్ప మగ్గం మీద ఉంది. ఉగాది తర్వాత చంద్రప్ప మగ్గం ఆపి, హిందూపురంలో కూతురి దగ్గరికి పోయాడు. కొత్త నెమలికంఠం పడుగు సోమందేపల్లిలో రామాంజినేయులు మగ్గం ఎక్కింది. ఆ ఇంటికి అప్పటిదాకా ఉన్న రంగు పేరు నొక్కి, దాన్ని మోసుకుపోయి ఇచ్చి వచ్చింది మార్కండేయులే. యంత్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సతీష్ ఇదంతా విడమరిచి చెప్పాక కమలాక్షి కొంచెం తేలికపడింది. పేరు మార్చకపోవడం. అంతే కదా. అంతే కదా అని పైకే అంది.

"పేరు తప్పైతే ఏమయ్యా? రామాంజినేయులు ఇల్లు సోమందేపల్లిలో ఉండాదని నీకు తెల్దా? వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి మనం పోలేదా? దబ్బున తిప్పుకొని పోయింటే అయిపోతాండె గదా."

మార్కండేయులు చేతుల్లోని హెల్మెట్టును ఇటూ అటూ తిప్పాడు. దేవప్ప అప్పటిదాకా గొర్రెలు అదిలిస్తూ అక్కడే ఉన్నాడు. ఇది తాను వినే మాట కాదని తెలిసి, పెళ్లాన్ని కూడా పిలుచుకుని చేనివైపు పోయాడు.

"నువ్వు చెప్తే తెలుస్తాండాది," అన్నాడు మార్కండేయులు చివరికి. "ఇంట్లో కూచోనుంటే గూడా తెలుస్తాది. సోమందేపల్లి, స్కూలు పక్క సందు, నీలం తలుపు. బండెక్కి ఊరు దాటినానంటే, నీళ్లు పోసి కడిగినట్లు పోతాది. ఈ దోవ నాకు కొత్తది అనిపిస్తాది. ఎవరినన్నా అడుగుదామంటే, ఏ ఊరికని అడుగుతారు గదా. ఆ ఊరి పేరు రాదు."

"ఎప్పట్నించి?"

"వాణ్ణి తిట్టొద్దు. డబ్బా తెమ్మనింది నేనే. నీకు చెప్పొద్దని వొట్టు పెట్టిచ్చుకున్న్యా."

కమలాక్షి కొడుకును చూసింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు. శుక్రవారం నుంచి తాను వాణ్ణి అన్న మాటలన్నీ వాడు మింగాడు. దుబారా మనిషన్నది, సోకులన్నది, తండ్రిని పాడు చేస్తున్నావన్నది. బెంగళూరు పెద్దాసుపత్రికి పోదాం రా నాయనా అని ఎన్నోసార్లు బతిమాలానని, డబ్బా చాల్లే అనేవాడని సతీష్ మెల్లగా చెప్పాడు. శుక్రవారం దారి తప్పిన సంగతి తనకు కూడా చెప్పలేదని, చెప్పి ఉంటే ఆ రోజే పేరు మార్చేవాణ్ణని అన్నాడు.

ఆమెకు ఇంకొకటి అర్థం కాలేదు. శుక్రవారం ఇంటికి ఎలా వచ్చాడు మరి? సతీష్ లేచి బండి దగ్గరికి పోయి తెర మీద వేలు పెట్టి చూపించాడు. రంగుల పేర్లన్నిటి కంటే పైన, అన్నిటి కంటే పెద్ద అక్షరాల్లో ఒకటుంది. ఇల్లు. అది నొక్కితే ప్రపంచంలో ఏ మూల ఉన్నా శాంతినగర్‌లోని తమ వాకిలి ముందుకే తెచ్చి నిలబెడుతుంది.

"మరి ఇది నొక్కొచ్చు గదయ్యా," అంది కమలాక్షి. "పొద్దున్నుంచి ఈ ఎండలో యాల కూచోనుండావు? ఇది నొక్కితే వచ్చేస్తావు గదా."

"శుక్రవారం ఊరికే నేత చూసొచ్చేకి పోయింటి. ఉత్తచేతుల్తో వచ్చినా ఎవరూ అడగరు. ఈరోజు చీర తేవల్ల." మార్కండేయులు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "ఇల్లు అని నొక్కితే ఇంటికే తెస్తాది కమలా. తెచ్చినంక నువ్వడుగుతావు గదా, చీర యాడ అని."

ఆమె అప్పటికే అడిగేసింది.

*

బసవరాజు మళ్లీ ఫోను చేసినప్పుడు కమలాక్షే ఎత్తింది. బండి పంక్చరైందన్నా అని చెప్పింది. రామాంజినేయులు చీరను మగ్గం మీద నుంచి కోసి పెట్టుకుని ఉన్నాడని, బస్సులో పంపిస్తామని అంది. వద్దులేమ్మా, పెళ్లోళ్లు వేరేది తీసుకొని పోయిరి అన్నాడు బసవరాజు. పంక్చరైతే ఫోనెత్తచ్చు గదమ్మా అన్నాడు. రేపు పొద్దున తానే ధర్మవరం వస్తున్నానని, మార్కండేయులును ఇంట్లోనే ఉండమనమని చెప్పి పెట్టేశాడు.

తిరుగు ప్రయాణంలో చిక్కొచ్చింది. రెండు బండ్లు, నడిపేవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరు మార్కండేయులు. సతీష్ స్కూటరును దేవప్ప దగ్గర వదిలేద్దామన్నాడు. మార్కండేయులు అప్పటికే హెల్మెట్టు పెట్టుకుని బండి స్టార్టు చేశాడు. నడిపేది మర్చిపోలేదులే, నువ్వు ముందర పో అన్నాడు. కమలాక్షి ఆయన వెనుక ఎక్కింది.

నిజంగానే ఆయన చేతులు ఏదీ మర్చిపోలేదు. గుంతలు తప్పించాడు. మలుపుల్లో గేరు తగ్గించాడు. లారీ వెనుక నుంచి హారను కొడితే ఎంత జరగాలో అంతే జరిగాడు. ముందర సతీష్ స్కూటరు ఉంది కదా అని, హ్యాండిలు మీది యంత్రాన్ని నొక్కలేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే దిగుతున్నప్పుడు ఒక ట్రాక్టరు అడ్డం వచ్చి సతీష్ కనిపించకుండా పోయాడు. అంతే, ఆయన భుజాలు బిగుసుకోవడం ఆమె చేతులకు తెలిసింది. బండి నెమ్మదించింది. ఇటా, అటా అని ఆయన అడిగాడు. హెల్మెట్టులో నుంచి ఆ మాట సరిగా వినపడలేదు కానీ, ఆమెకు అర్థమైంది.

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. రెండు రోడ్లూ చూసింది. ముప్పై ఏళ్లుగా ఇదే దారిలో ఈ వీపు వెనుక కూర్చుని పెళ్లిళ్లకు, పురుళ్లకు, చావులకు పోయి వచ్చింది. ఒక్కసారి కూడా దారి చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఏది తమ దారో ఆమెకూ తెలియలేదు. ఇద్దరూ ఆ రెండు రోడ్ల మధ్య, వెనుక నుంచి హారన్లు మోగుతుంటే, సతీష్ వెనక్కి తిరిగి వచ్చేదాకా అలాగే ఆగి ఉన్నారు.

ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. పావని కాఫీ ఇచ్చి, ఎవరూ ఏమీ చెప్పకముందే మామగారి ముఖం చూసి కళ్లు దించుకుంది. సతీష్ ఆమెకు జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు. మార్కండేయులు మగ్గం గుంట అంచున కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన అక్కడే ఉన్నాడు, కానీ ముగ్గురూ ఆయన లేనట్లే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది ఎప్పుడు మొదలైందో వాళ్లకే తెలియలేదు.

రేపు నాయనకు జ్వరమని చెబుదాం అన్నాడు సతీష్. లోపలి గదిలో పడుకోబెడదాం, బసవరాజుతో తాను మాట్లాడతానన్నాడు. సంగతి తెలిసిందంటే ఆయన ఆర్డర్లు ఇంకొకరికి ఇస్తాడు, మగ్గాలన్నీ ఆగిపోతాయి. కమలాక్షి ఔనంది. పంక్చరని తాను చెప్పిన మాటకు జ్వరం కూడా అతుకుతుందని, ఎండదెబ్బ అంటే ఇంకా బాగా అతుకుతుందని అంది. పావని కాఫీ గ్లాసులు తీస్తూ, రేపు జ్వరమంటాం అత్తా, ఎల్లుండి ఏమంటాం అని అడిగింది. ఎందుకడిగావన్నట్లు సతీష్ ఆమెను చూశాడు.

మార్కండేయులు గ్లాసు కింద పెట్టాడు.

"రేపు బసవరాజు దగ్గర నేనే కూచుంటా," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. రేపు నీళ్ల ట్యాంకు కడగాలి అన్నట్లు. "ఉన్నది ఉన్నట్లు చెప్తా. మనకు ఆర్డర్లు ఇయ్యల్లనో, మానుకోవల్లనో ఆయనిష్టం."

సతీష్ వద్దు నాయనా అనబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కొడుకును, కోడలిని, తర్వాత కమలాక్షిని, ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"నేను చెప్పేటప్పుడు మీరెవరూ మాట అందియ్యొద్దండి. నడుమలో పేరు రాక ఆగిపోతే ఆగిపోనీ. ఆయన చూడల్ల."